జరగబోయి తప్పిన ప్రమాదాన్ని కూడా లెక్కలో వేద్దాం

(తడలో సభ్య పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించో, వెన్న శాతం గురించో మాట్లాడవలసిన ఈ వేదిక మీద ఇవాళ మేము ఇటుక, ఇసుక, సిమెంటు గురించి మాట్లాడబోతున్నాము. ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, మన సంఘాలు ఇప్పుడు కట్టడాలు కట్టిస్తున్నాయి. బల్క్ కూలర్ గది కావచ్చు, దాణా గోదాము కావచ్చు, ప్రహరీ గోడ కావచ్చు. పాలకవర్గం తీర్మానం చేసి మేస్త్రీకి పని అప్పగించిన నాటి నుంచి, ఆ స్థలంలో కాలు పెట్టిన ప్రతి కూలీ క్షేమంలో సంఘానికీ బాధ్యత ఉంటుంది. రెండవది, మన ఇళ్ళ పిల్లల సంగతి. 2008లో శ్రీసిటీ వచ్చిన తరువాత ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, గోదాములు, రోడ్లు విరివిగా కట్టారు. తడ దాటితే తమిళనాడే గనుక చెన్నై పనులకూ మనవాళ్ళు రైలెక్కి వెళుతుంటారు. ఉదయం కేంద్రంలో పాలు పోసి చీటీ తీసుకున్న తల్లి, సాయంత్రం కొడుకు క్షేమంగా ఇల్లు చేరాలని ఎదురుచూస్తుంది. కాబట్టి ఈ విషయం పాడి రైతుకు పరాయిది కాదు.

యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం

నిర్మాణ స్థలాల్లో ప్రమాదాలను అరికట్టడానికి సమీకృత సాంకేతిక పరిజ్ఞానం వాడాలని ఈ మధ్య తరచు వింటున్నాము. మాట పెద్దదిగా ఉన్నా విషయం మనకు తెలిసినదే. మన పాల కేంద్రాన్నే చూడండి. పూర్వం పాలు కొలిచేది ఒకరు, వెన్న పరీక్ష చేసేది ఒకరు, పుస్తకంలో రాసేది మరొకరు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రం, కంప్యూటరు ఒకే తీగకు కలిశాయి. సభ్యురాలు పాలు పోయగానే బరువు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ ఒకే చీటీ మీద వస్తాయి. కాటా కొత్తది కాదు, పరీక్షా కొత్తది కాదు. వాటిని కలపడమే కొత్త. అలా కలపడం వల్లనే ఒక పూట తేడా వస్తే అది ఎక్కడ వచ్చిందో ఆ పూటే తెలుస్తున్నది.

పెద్ద నిర్మాణ స్థలాల్లో చేస్తున్నదీ ఇదే. గేటు దగ్గర కార్డు చూపితే లోపలికి వెళ్ళిన మనిషి పేరు నమోదవుతుంది. క్రేను మోయగల బరువు మించితే మోత మోగుతుంది. ఎక్కడైనా తీగ తెగి కనబడితే సూపర్‌వైజరు ఫోనులో ఫొటో తీసి పంపుతాడు. అది ఇంజనీరుకు చేరుతుంది, ఎవరు ఎప్పటిలోగా సరిచేయాలో రాయబడుతుంది, సరిచేసిన తరువాత మరో ఫొటోతో ఆ పద్దు మూయబడుతుంది. హాజరు, హెచ్చరిక, మరమ్మతు, చికిత్స ఈ నాలుగూ ఒకే గొలుసుగా ఉండాలి. ఒక్క లంకె తెగితే ఎంత ఖరీదైన యంత్రమైనా అలంకారమే అవుతుంది.

ఎంతమంది లోపల ఉన్నారు?

గొలుసులో మొదటి లంకె హాజరు పట్టీ. దాని విలువ ఏమిటో రెండు సంఘటనలు చెబుతాయి.

2014 జూన్ 28, శనివారం సాయంత్రం, చెన్నై పోరూరు దగ్గరి మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళిన మనవాళ్ళు పలువురున్నారు. 27 మందిని ప్రాణాలతో బయటకు తీశారు. అరక్కోణం నుంచి జాతీయ విపత్తు దళం వచ్చి, కుక్కల సాయంతో, పరికరాలతో రోజుల తరబడి వెదికింది. అయితే శిథిలాల కింద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు మొదట కచ్చితమైన జవాబు లేదు. ఆ తరువాత వారం రోజులకే, జూలై 6న, తిరువళ్ళూరు జిల్లాలో ఒక గోదాము ప్రహరీ గోడ పక్కనున్న కూలీల గుడిసెల మీద పడి 11 మంది మరణించారు. అంటే పని చేసే చోటే కాదు, కూలీలు పడుకునే చోటు కూడా లెక్కలోకి రావాలి.

రెండవది ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం. 2023 నవంబరు 12న అది కూలి, లోపల కార్మికులు చిక్కుకుపోయారు. మొదట 40 మంది అన్నారు. కొన్ని రోజులు గడిచాక గాని అక్కడున్నది 41 మంది అని తేలలేదు. అంత పెద్ద పనిలో ఒక మనిషి లెక్కకు రాలేదు! మన కేంద్రంలో ఒక లీటరు తేడా వస్తే సాయంత్రంలోగా వెదుకుతాము కదా, మనిషి లెక్క అంతకన్నా కచ్చితంగా ఉండవద్దా?

ఆ 41 మందీ నవంబరు 28న క్షేమంగా బయటకు వచ్చారు. ఆరు అంగుళాల గొట్టం ద్వారా వేడి ఆహారం పంపారు. గొట్టంలోంచి కెమెరా పంపి వారి ముఖాలు చూశారు. పెద్ద బరమా యంత్రం విరిగిపోయినప్పుడు, చివరి పన్నెండు మీటర్లు చేతి పనిముట్లతో తవ్వినవారు సామాన్య కూలీలే. యంత్రమూ, మనిషి చెయ్యీ కలిస్తేనే పని జరిగింది.

కాని అన్నిసార్లూ అలా జరగదు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. రాడార్లు తెచ్చారు, కుక్కలను తెచ్చారు, రోబోలను తెచ్చారు. ఒక్కరిని కూడా ప్రాణాలతో తేలేకపోయారు. కూలిన తరువాత వాడే పరిజ్ఞానానికి హద్దు ఉంటుంది. కూలకముందు వాడే పరిజ్ఞానమే ప్రాణం కాపాడుతుంది.

దాచిన పొదుగువాపు

మరి కూలకముందు తెలిసేది ఎలా? చిన్న సంఘటనలే చెబుతాయి. పరంజా కర్ర జారి ఎవరి మీదా పడలేదు. వైబ్రేటరు ముట్టుకుంటే చిన్న షాకు కొట్టింది. గోతి అంచు నుంచి పిడికెడు మట్టి రాలింది. ఇటువంటివాటిని మనం "పోనీలే, దేవుడు చల్లగా చూశాడు" అని మరచిపోతాము. అమెరికాలో బీమా సంస్థలో పనిచేసిన హెన్రిచ్ అనే ఆయన 1931లోనే, ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, గాయం కాకుండా పోయిన సంఘటనలు 300 ఉంటాయని రాశాడు. ఆ అంకెలు అన్ని చోట్లా సరిపోవని తరువాతివారు వాదించారు. వాదన అంకెల గురించి. చిన్నదాన్ని పట్టించుకోవాలన్న మాట మాత్రం పాతబడలేదు.

చిక్కంతా చెప్పించడంలో ఉంది. గేదెకు పొదుగువాపు వచ్చినప్పుడు కొందరు సభ్యులు ఎందుకు దాస్తారు? పాలు తిప్పి పంపుతారని, డబ్బు పోతుందని. ఆ పాలు డబ్బాలో కలిసి ఊరి పాలన్నీ చెడతాయి. అదే సభ్యురాలికి "చెప్పు, డాక్టరును పంపుతాము, నిన్ను తప్పు పట్టము" అన్నామంటే ముందుగానే చెబుతుంది. కూలీ విషయమూ అంతే. షాకు కొట్టిందని చెప్పినందుకు సగం పూట కూలి కోస్తే, రెండోసారి వాడు చెప్పడు. మూడోసారి చెప్పడానికి వాడు ఉండకపోవచ్చు. అందువల్ల పని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించండి: ప్రమాద సూచన చెప్పినవారికి కూలి కోత ఉండదు. మన గొలుసుకు ఇదే అసలు లంకె. భయపడిన మనిషి దగ్గర ఏ ఫోనూ పని చేయదు.

మన నేలకు, మన వానకు తగిన జాగ్రత్తలు

పులికాట్ పక్కన ఉన్న మన ఊళ్ళలో చాలా చోట్ల ఇసుక నేల. వానలు ముదిరితే కొద్ది లోతులోనే ఊట ఊరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. కాబట్టి నాలుగు సంగతులు ముఖ్యంగా మనవి చేస్తున్నాము.

గోతులు: అయిదు అడుగులు దాటిన గోతికి పక్కలు వాలుగా చెక్కాలి, లేదా పలకలు, అడ్డకర్రలు బిగించాలి. తవ్విన మట్టిని అంచునే పోయరాదు. ఒక ఘనమీటరు తడిమట్టి రెండు టన్నుల దాకా తూగుతుంది. అంటే నాలుగు గేదెలు మీద పడినట్టే. దాని కింద నిలిచిన మనిషికి అరవడానికి కూడా ఊపిరి ఆడదు.

కరెంటు: తాత్కాలిక మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే లీకేజీ బ్రేకరు పెట్టించండి. తడి కాంక్రీటులో వైబ్రేటరు పట్టుకున్న మనిషి తీగలో లోపాన్ని కళ్ళతో పట్టుకోలేడు. బ్రేకరు రెప్పపాటులో పట్టుకుంటుంది. దాని మీదుండే పరీక్ష మీటను రోజూ పని మొదలుపెట్టేముందు నొక్కి చూడాలి.

ఎత్తు: పరంజా మీద పలకలు కట్టి ఉండాలి, అంచున అడ్డకర్ర ఉండాలి. స్లాబు కింది సెంట్రింగు ఎప్పుడు విప్పాలో ఇంజనీరు రాసి ఇవ్వాలి. బల్క్ కూలర్ త్వరగా బిగించాలన్న తొందరలో పాలకవర్గం ఒక్క రోజు కూడా ముందుకు జరపరాదు.

పిడుగు, గాలి: పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని అనే ఫోను సాధనం, దగ్గరలో పిడుగులు పడే సూచన ఉంటే హెచ్చరిస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరికలూ ఫోనుకే వస్తాయి. అయితే హెచ్చరిక వచ్చిన ఫోను కార్యదర్శి జేబులో ఉండి, కూలీలు పైన స్లాబు మీద ఉంటే లాభమేమిటి? హెచ్చరిక రాగానే పని ఆపించే అధికారం స్థలంలో ఉన్న ఒక మనిషికి ముందే ఇవ్వాలి.

సంఘం చేయవలసిన పని

ఇందుకు లక్షలు అక్కరలేదు. ఉన్న ఫోను, ఒక కుట్టుపుస్తకం చాలు. పుస్తకంలో ప్రతి ఉదయం లోపలికి వెళ్ళినవారి పేర్లు, సాయంత్రం బయటకు వచ్చినట్టు గుర్తు. అదే పుస్తకంలో వెనుక నుంచి ప్రమాదాలు, ప్రమాద సూచనలు: తేదీ, ఏం జరిగింది, ఎవరు సరిచేయాలి, ఎప్పుడు సరిచేశారు. మేస్త్రీ, ఇంజనీరు, కార్యదర్శి, పాలకవర్గంలో ఒక సభ్యుడు ఉన్న ఫోను బృందంలో ఆ పేజీ ఫొటో రోజూ పెట్టాలి. సరిచేయని పద్దు ఉండగా ఆ మూల పని జరగకూడదు. పాలకవర్గ సమావేశంలో పాల లెక్క చదివిన వెంటనే ఈ లెక్క కూడా చదవాలి.

గాయమైతే ఎవరు 108కి ఫోను చేయాలి, రోడ్డు మీద నిలబడి అంబులెన్సుకు దారి చూపేది ఎవరు, దగ్గరి ఆసుపత్రి ఏది, ఇవన్నీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మన రాష్ట్రంలో 108 సేవ 2005లో మొదలైంది. అయినా అది చేలగట్ల మధ్య కడుతున్న గదిని తనంతట తాను కనిపెట్టలేదు. ఫోనులో ఆ స్థలం గుర్తును ముందే దాచిపెట్టుకోవాలి.

రాతకు మరో విలువ కూడా ఉంది. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం స్థానే 2020 నాటి కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్ళ మధ్య కార్మికులు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ 90 రోజులకు సాక్ష్యం ఏది? మన హాజరు పుస్తకమే. ఏదైనా జరగరానిది జరిగితే, ఆ మనిషి ఆ రోజు అక్కడ పనిచేశాడని చూపడానికి అతని భార్య చేతిలో ఉండే కాగితమూ అదే. రాయని కూలీకి పరిహారం రావడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. పని మొదలుపెట్టక ముందే కార్మిక శాఖ అధికారిని కలిసి, ఏ ప్రమాదాన్ని ఎవరికి, ఎంత గడువులో తెలపాలో రాయించుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. గాయపడినవారి ఫొటోలను ఊరంతా పంచకండి. హాజరు యంత్రాన్ని, కెమెరాను నిమిషాల లెక్కన కూలి కోయడానికి వాడకండి. కాపలా కాసే కన్ను అని నమ్మితేనే కూలీ దాని ముందు నిజం చెబుతాడు.

పాలు విరిగితే ఆ పూట నష్టం, మర్నాడు మళ్ళీ పితుక్కుంటాము. మనిషి పోతే ఆ ఇంట్లో ఆ లోటు తీరదు. కాబట్టి కట్టడం ఉన్న ప్రతి సంఘం, వచ్చే పాలకవర్గ సమావేశంలోనే ఒక పుస్తకం తెరిచి, పని ఆపే అధికారం ఒకరికి తీర్మానపూర్వకంగా ఇవ్వవలసిందిగా మా విజ్ఞప్తి.