ఒక విభక్తి విలువ



ఈ వండూర్ రేవు నుండి యాత్రికులు జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు పోతుంటారు. ఆ దీవులు 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలోనివి. రద్దీని బట్టి పడవలెన్ని కావలెనో లెక్కించుకొనుట రేవు నెరిగినవారికి కొత్త విద్య కాదు.

‘క్లౌడ్’ అనబడే దూరపు కంప్యూటర్ల సేవలోనూ జరిగేది ఇదే. 2020 ఆగస్టులో చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ఈ దీవులను కలిపింది. ఇక్కడి అంగడి లెక్కలను సైతం నేడు ముంబయి, హైదరాబాదు కేంద్రాలలోని కంప్యూటర్ల మీద నడుపుకొనవచ్చును. పని హెచ్చితే మరికొన్ని ‘ఇన్‌స్టాన్సు’లను చేర్చుమని కృత్రిమ మేధా సహాయకునికి మన భాషలోనే చెప్పవచ్చును.

అనువాదం వృత్తిగా గల నాకు ఇచటనే ఒక హెచ్చరిక చేయాలనిపిస్తున్నది. నాలుగు నడుస్తుండగా ‘ఆరు పెంచు’ అంటే పది అవుతాయి. ‘ఆరుకు పెంచు’ అంటే ఆరే. హిందీలో ‘తక్’ చేసే పనిని తెలుగులో ‘కు’ అనే విభక్తి చేస్తున్నది. అది జారితే ఖర్చు గంటగంటకూ పెరుగుతుంది. రద్దీ తీరినా, తగ్గించుమని చెప్పేవరకు ఆగదు.

కనుక ఎన్ని నడుస్తున్నవో ముందడగండి. మొత్తం ఎన్ని ఉండవలెనో చెప్పండి. సహాయకుడు ఆ సంఖ్యను తిరిగి వినిపించిన పిదపనే సమ్మతించండి. బిల్లు వచ్చేది మన పేరనే గదా!