కరెంటు మీటరూ ఒక త్రాసే

సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మన యువకులు కొందరు ఇంట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులు అమర్చి క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేస్తున్నారు. ఆటల కోసం తయారైన ఆ కార్డులు రేయింబవళ్లు లెక్కలు కడుతూ ఉంటాయి. ఆ లెక్కల వల్ల నాణెపు లావాదేవీల పద్దు భద్రమవుతుంది. ప్రతిఫలంగా కొంత నాణెం వీరి ఖాతాలో చేరుతుంది. ఇది హలాలా, హరామా అని వారు అడుగుతున్నారు.

ఈ విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. 2018లో ఈజిప్టు దారుల్ ఇఫ్తా బిట్‌కాయిన్ వ్యాపారం ధర్మసమ్మతం కాదన్నది. 2021లో ఇండోనేషియా ఉలమా మండలి క్రిప్టోను కరెన్సీగా వాడటం నిషిద్ధమన్నది. షరతులతో అనుమతించిన పండితులూ ఉన్నారు. ఆ చర్చను విశ్వసనీయులైన ఆలిమ్‌లకు వదిలిపెడదాం. అభిప్రాయభేదానికి తావులేని మూడు విషయాలను మాత్రం మనం మననం చేసుకుందాం.

మొదటిది విద్యుత్తు. 200 వాట్ల కార్డు ఒకటి ఆగకుండా నడిస్తే నెలకు 144 యూనిట్లు ఖర్చవుతాయి. ఆరు కార్డులైతే 864 యూనిట్లు. ఆ బిల్లు చెల్లించేదెవరు? ఇంటి యజమానా, హాస్టలా, కార్యాలయమా? వారి అనుమతి లేకుండా వాడుకుంటే అది పరుల సొమ్ము తినడమే. మీటరును తప్పించి తీగ కలిపితే అది దొంగతనం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం కూడా. తెలంగాణలో గృహజ్యోతి పథకం అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇస్తోంది. అది పేదింటి దీపానికి, ఫ్యానుకు అందిన సాయం. దానిని నాణేల వేటకు మళ్లించడం అమానత్‌ను కాపాడటమవుతుందా? కొలతల్లో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ సూరా అవతరించింది. నేడు మన ఇళ్లలోని కరెంటు మీటరూ ఒక త్రాసే.

రెండవది నిజమైన లెక్క. యూనిట్‌కు 8 రూపాయలనుకుంటే 864 యూనిట్లకు 6,912 రూపాయలు. కార్డుల ధర, వాటి అరుగుదల వేరు. నాణెం విలువ రేపు ఎంతో ఎవరికీ తెలియదు. అమ్మితే వచ్చే లాభంపై 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో 30 శాతం పన్ను ఉంది. ఇవేవీ చూసుకోకుండా, వడ్డీకి అప్పు తెచ్చి, భార్యాబిడ్డల హక్కును కోసి కార్డులు కొనడం వివేకం కాదు.

మూడవది అమ్మకం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన విధానాన్ని మార్చుకున్నది; గ్రాఫిక్స్ కార్డులతో దానిని మైనింగ్ చేయడం ఆ రోజుతో ముగిసింది. అలా పని కోల్పోయిన కార్డులెన్నో పాత సామాను బజారుకు చేరాయి. నెలల తరబడి వేడిలో నడిచిన కార్డును తుడిచి, కొద్దిగానే వాడామని అమ్మితే ఏమవుతుంది? దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఈ కార్డు ఇన్ని నెలలు మైనింగ్‌లో నడిచిందని కొనేవానికి ముందే చెప్పడమే నేడు ఆ తడిని పైన ఉంచడం. ధర తగ్గవచ్చు, బర్కత్ తగ్గదు.

సోదరులారా! ధనాన్ని ఎలా ఆర్జించామో, దేనికి వెచ్చించామో ప్రళయదినాన మనమందరం జవాబు చెప్పుకోవలసిందే. పరుల కరెంటు వాడినవారు ఆ యూనిట్లను లెక్కగట్టి, హక్కుదారులకు సొమ్ము చెల్లించాలి. హక్కు తిరిగి చేరనిదే తౌబా పూర్తి కాదు.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని, ఉన్నదానితో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.