బుడ్డల రైతు – మిల్లు లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కర్నూలు, కడప మెట్ట భూముల్లో బుడ్డలు పండించే చిన్నరైతులు ఈ సభలోనూ ఉన్నారు. కాయ రాలిన వారంలోనే మూటలు మండీకి చేరతాయి. విత్తనానికి అప్పిచ్చినవాడే సరుకు కొనేవాడైతే ధర అడిగే నోరు రైతుకెక్కడిది? "మనమే కలిసి మిల్లు పెట్టుకుంటే?" అని చాలామంది మమ్ములను అడుగుతున్నారు. లెక్కతోనే జవాబు మనవి చేస్తాము.

100 కిలోల కాయ వొలిస్తే సుమారు 70 కిలోల గింజ. దాన్ని ఎక్స్‌పెల్లరులో ఆడిస్తే దాదాపు 28 కిలోల నూనె, 40 కిలోల చెక్క. చెక్క పశువులకు, పొట్టు పొయ్యికి. కాయగా అమ్మితే ఇవన్నీ దాంతోపాటే పోతాయి.

ఇంతవరకు బాగానే ఉంది. కాని మిల్లును ముంచేది మిషన్ ఖరీదొక్కటే కాదు. సరుకొచ్చేది రెండు మూడు నెలలే. ఏడాదంతా ఆడాలంటే అప్పుడే కొని నిల్వ చేయాలి, దానికి రొక్కం కావాలి. వాన తప్పిన ఏడు కాయే ఉండదు, జీతాలు మాత్రం ఆగవు. పైగా దిగుమతి పామాయిల్ మన నూనె ధరను కిందికి లాగుతుంది.

నీలగిరుల్లో చిన్న తేయాకు రైతులు 1960ల నుంచి సహకార ఫ్యాక్టరీలు నడుపుతున్నారు. కోసిన ఆకు వెంటనే ఫ్యాక్టరీకి చేరకుంటే చెడుతుంది గనుక వారికి అది తప్పదు. మన కాయ అట్లా కాదు. తేమ 8 శాతానికి దిగేలా ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది. తడిగా మూట కడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అంటే మన బలం ఆగగలగడంలో ఉంది. ఆగడానికి చేతిలో డబ్బు లేకపోవడమే మన బలహీనత.

అందుచేత ముందు మిల్లు వద్దు. గోడౌను, సరైన తూకం, కాయలు వొలిచే మిషన్ చాలు. మంచి కాయను విత్తనానికి దాచి, విత్తే ముందు వొలిచి సభ్యులకే ఇద్దాం. మిగతా దాంట్లో కొంత కూలికి ఆడించి, నూనె ఏపాటి అమ్ముడుపోతుందో చూద్దాం.

ప్రభుత్వ వాటా లేకుండా సభ్యుల సొంత డబ్బుతో నడిచే సంఘాలకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దారి చూపింది. వడ్డీకి వెనుకాడే మనవారికీ వాటాధనం, తెచ్చిన సరుకును బట్టి బోనసు అనే పద్ధతి అనుకూలమే.

రెండు షరతులు మరువరాదు. కాయ తెచ్చిన రోజే ధరలో సగమైనా రైతు చేతిలో పెట్టాలి. మండీలో నాలుగు రూపాయలు ఎక్కువిస్తామంటే సభ్యుడు అటు పరుగెత్తరాదు. మొదటిది సంఘం మాట, రెండోది సభ్యుడి మాట. ఏది తప్పినా గోడౌనుకు తాళమే.

ఇందులో పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దగలరు. సెలవు.