ఉమ్మడి సాఫ్టువేరు - దాని మరామత్తు

(సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యార్థి వేతనముల నిధిని గూర్చియు ప్రసంగములు జరుగుట వాడుక. నేడు నేను విన్నవింపబోవు విషయము వానికి దూరమైనదిగా మొదట తోపవచ్చును. తుదివఱకు ఆలకించినచో నది యా నిధికి సంబంధించినదే యని మీరే గ్రహింపగలరు. మన కుటుంబములలో కంప్యూటరు విద్య నభ్యసింపని యువకులు గల యిల్లు అరుదు. హైదరాబాదు, బెంగుళూరు మొదలుకొని అమెరికాఖండము వఱకు ఎందఱో మనవారు ఆ వృత్తివలన జీవించుచున్నారు. ఆ వృత్తి యే పునాదిపై నిలిచియున్నదో, ఆ పునాదిని కాపాడుచున్నవారెవరో తెలిసికొనుట మన విధి.

సాఫ్టువేరు అనగా గొప్ప కంపెనీలు తయారుచేసి విక్రయించు సరకని సామాన్యుల తలంపు. అది సగము మాత్రమే నిజము. 1983వ సంవత్సరమున అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు, ప్రోగ్రామును వ్రాసినవారు దాని మూలపాఠమును దాచక యెల్లరకు నీయవలెననియు, దానిని చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందఱకును స్వేచ్ఛ యుండవలెననియు ఒక యుద్యమము నారంభించెను. 1991లో ఫిన్లాండు దేశమందు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను దానిని వ్రాయ మొదలిడెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులకును, ఇంటర్నెట్టును నడపు సర్వరులలో మిక్కిలి భాగమునకును లినక్సే ఆధారము. ఇట్లు మూలపాఠము బహిరంగముగా నున్నదానిని ఓపెన్ సోర్సు అని వ్యవహరింతురు. కోటీశ్వరుల కంపెనీలును, ప్రభుత్వములును, బ్యాంకులును దీనిని వాడుకొనుచున్నవి. ఇది యూరి చెఱువు వంటిది. నీరు తోడుకొనువారికి లెక్కలేదు. గట్టుపై మన్ను వేయువారిని మాత్రము వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇది అతిశయోక్తి కాదనుటకు రెండు నిదర్శనములు చూపెదను.

ఇంటర్నెట్టులో మన రహస్యపు మాటలను, బ్యాంకు వ్యవహారములను ఇతరులు చదువకుండ గుప్తపఱచు సాధనములలో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనునది ముఖ్యమైనది. 2014 ఏప్రిల్ 7వ తేదీన అందొక గొప్ప దోషము బయలుపడెను. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరిడిరి. ఆ రంధ్రముగుండ సర్వరు జ్ఞాపకములోని రహస్యములను పరులు తస్కరింప వీలుండెను. ఆ దోషము రెండు సంవత్సరములకు పైగా ఎవరి కంటను బడక యుండెను. లోకమంతయు నమ్ముకొనిన యీ సాధనమునకు విరాళముల రూపమున సాలుకు వచ్చుచుండిన ధనము సుమారు 2,000 డాలర్లు మాత్రమే యని తదుపరి వెల్లడియయ్యెను. పూర్తికాలము పనిచేయు నతడు ఒక్కడే. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్టు మొదలగు కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారమున నొక సహాయనిధి నేర్పఱచినది ఆ యుపద్రవము తరువాతనే.

రెండవది యింతకంటె భయంకరము. ఎక్స్.జెడ్. అను చిన్న సాధనము కలదు. దస్త్రములను కుదించుట దాని పని. లినక్సు గల యంత్రములలో నది యించుమించుగ నంతటను ఉండును. లాసీ కొలిన్ అను నాతడు దానిని జీతము లేకయే చాలకాలము పోషించుచుండెను. 2022లో కొందఱు అపరిచితులు ఉత్తరములమీద నుత్తరములు వ్రాసి, పని నెమ్మదిగా సాగుచున్నదని యాతనిని నిందించిరి. తాను మానసికముగ నలసియున్నాననియు, ఇది ప్రతిఫలము లేని పనియనియు నాతడు బహిరంగముగనే చెప్పుకొనెను. అట్టితఱి జియా తాన్ అను పేరు ధరించిన యొకడు సాయము చేయుచు వినయముతో మెలగి, క్రమముగా నమ్మకము సంపాదించి, ఆ సాధనముపై నధికారము పొందెను. 2024 ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 ప్రతిలో దొంగద్వారమొకటి చేర్చబడెను. అది వ్యాపించియుండినచో లోకములోని అసంఖ్యాకములగు సర్వరులలోనికి వాడు తాళముచెవి లేకయే ప్రవేశించియుండును. 2024 మార్చి 29వ తేదీన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నిపుణుడు దానిని బయటపెట్టెను. ఒక యంత్రములోనికి ప్రవేశించుటకు వలసినదానికంటె అర సెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించి, ఆ యాలస్యమునకు కారణమేమని శోధించుటయే యాతడు చేసిన పని. జియా తాన్ అను పేరు వెనుకనున్నవాడెవడో ఇంతవఱకు బహిరంగముగా నిర్ధారణ కాలేదు.

మహాశయులారా! ఇందు మనము గమనింపవలసిన దేమి? దొంగ గోడకు కన్నము వేయలేదు. అలసియున్న కాపరికి చేయూతనిచ్చువానివలె ముంగిటినుండియే వచ్చెను. నిజముగ చేయూత నీయవలసినవారు ఆ కాపరి ప్రక్క నొక్కరైన నుండినచో, వానికి చోటే దొరకకపోయెడిది.

ఇటీవల కృత్రిమమేధ వచ్చిన పిమ్మట ఈ భారము మఱియొక విధముగా పెరిగినది. స్వీడను దేశీయుడగు డేనియల్ స్టెన్‌బర్గ్ కర్ల్ అను సాధనమును కొన్ని దశాబ్దములుగా పోషించుచున్నాడు. దోషములను కనిపెట్టి తెలిపినవారికి బహుమాన మిచ్చు నేర్పాటు అందుండెను. కృత్రిమమేధచే వ్రాయించిన అసత్యపు ఫిర్యాదులు పుంఖానుపుంఖములుగా వచ్చి, వానిని చదువుటకే కాలము చాలకుండుటచే, 2026 జనవరి చివర ఆ బహుమానములను నిలిపివేయవలసి వచ్చెను. అయినను నిపుణులు వివేకముతో నుపయోగించినచో ఆ కృత్రిమమేధయే నిజమైన దోషములను పట్టియిచ్చినదని స్టెన్‌బర్గే యంగీకరించెను. కావున దోషము యంత్రమునది కాదు. శ్రమపడక కీర్తిని, ధనమును కోరు బుద్ధిది.

ఈ కథలన్నియు పరదేశములవి, మనకేమి యనవచ్చును. మన భాష మాటయే చెప్పెదను. 'స్త్రీ' యను నొక్క యక్షరమును కంప్యూటరు ఆఱు గుర్తుల వరుసగా నిలువచేయును. ఆ యాఱింటిని చేర్చి, ఒత్తును క్రిందను గుడిని మీదను అమర్చి, కంటికి సరియైన రూపము చూపుట వేఱొక సాధనము పని. ఆండ్రాయిడు ఫోనులలోను, క్రోము, ఫైర్‌ఫాక్సులలోను ఆ పనిచేయు హార్ఫ్‌బజ్ అనునది ఓపెన్ సోర్సు సాధనమే. పోతన, వేమన అను అక్షరరూపములను తిరుమల కృష్ణదేశికాచార్యులవారు మనకు ఉచితముగ నొసగిరి. మండలి, సూరన్న మొదలగునవి సిలికానాంధ్ర పక్షమున నట్లే అందినవి. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను జీతములేని వ్రాతగాండ్రే పెంచుచున్నారు. మన పిల్లలు తెలుగున వ్రాయు ప్రతి సందేశము వెనుక నిట్టివారి శ్రమ గలదు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను మన యక్షరము కంటబడినంతనే ఐఫోనులలోని సాధనములు నిలిచిపోయిన సంగతి మీకు జ్ఞాపకముండును. ఆపిల్ కంపెనీ దానిని ఆ నెల 19వ తేదీన సరిచేసెను. ఆ మూలపాఠము కంపెనీ గుప్పిటిలో నున్నందున మనవారిలో నెంతటి ప్రజ్ఞావంతుడైనను దానిని చక్కదిద్దుటకు వీలు లేకపోయెను. ఉమ్మడి సాధనములో నట్టి దోషము గలిగినచో దానిని మనవారే సవరింపవచ్చును. కాని సవరించుటకు మనిషి యుండవలెను గదా!

'ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చు' నని సామెత. మన పూర్వులు ఈ సామెత నెఱిగియే దానికి విరుగుడును గూడ నేర్పఱచుకొనిరి. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువుకడ 1369వ సంవత్సరపు శిలాశాసనము కలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెఱువును నిర్మింపజేసెను. మంచి చెఱువునకు వలయు పండ్రెండు అంగములను, కూడని యాఱు దోషములను ఆ శాసనము వివరించుచున్నది. గట్టునుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. చెఱువు త్రవ్వించువారికిని, దానిని బాగుచేయువారికిని దశబంధపు టినాములుండెడివి. రైతులు తమ వంతు శ్రమచేసి కాలువల పూడిక తీయుట కుడిమరామత్తు. నీటిని పొలములకు పంచుటకు నీరటికాడు. త్రవ్వించినవాని పేరు శాసనమున కెక్కును. ఆ చెఱువు నిలుచునది మాత్రము ఏటేట మన్ను వేయువాని చేతిలోనే.

ఉమ్మడి సాఫ్టువేరునకు నేడు లేనిది యీ మరామత్తు ఏర్పాటే. జర్మనీ ప్రభుత్వము 2022లో ఇందుకొఱకు సావరిన్ టెక్ ఫండ్ అను ప్రత్యేకనిధిని స్థాపించినది. లక్షలకొలది యువకులు సాఫ్టువేరుచే జీవించు తెలుగునాట మన వంతు ఏమి యని ప్రశ్నించుకొనుట ధర్మము.

లాభము పొందుచున్నవి కంపెనీలు గాన అవియే యీయవలె నని కొందఱు వాదింతురు. ఆ వాదము న్యాయమైనదే. అవి యీయవలసినదే. కాని కంపెనీ దృష్టి తనకు లాభమున్న చోటికే పోవును. తెలుగు అక్షరము సరిగా కనబడుట, గ్రామీణ బాలుడు తన భాషలో కంప్యూటరు నేర్చుట అను వానిని మనము గాక మఱెవరు పట్టించుకొందురు?

మన నిధి మన బిడ్డలకే చెందవలె నని మఱికొందఱందురు. సంఘసేవ చిరకాలముగ చేయుచున్న పెద్దల మాట గాన దానిని నేను తేలికగా త్రోసివేయను. విద్యార్థి వేతనములలో నొక్క రూపాయియు తగ్గింపవలదనియే నా మనవి. అయినను మన పెద్దలు బాటసారులకు సత్రములు కట్టించినపుడు, చలివేంద్రములు పెట్టించినపుడు, దప్పిగొన్నవాని కులమడిగి నీరు పోయలేదు. ఆ దాతృత్వమే మన సంఘమునకు గౌరవము తెచ్చినది. ఉద్యోగమునకు వెళ్లిన మన బిడ్డ ప్రతిదినము తోడుకొనుచున్న నీరు అందఱి చెఱువుది. ఆ ఋణము తీర్చుట మనవారికి మేలేగాని నష్టము గాదు.

కావున ఈ సభవారికి మూడు మనవులు.

మొదటిది ఉద్యోగస్థులగు యువతీయువకులకు. మీ కంపెనీ యే యే ఉమ్మడి సాధనములపై నాధారపడియున్నదో జాబితా వ్రాసి పై అధికారులకు చూపుడు. వానిలో నొక్కదానికైనను ఏటేట కొంత ధనమో, పనివేళలో కొన్ని గంటలో నియమింప ప్రయత్నింపుడు.

రెండవది వసతిగృహ విద్యార్థులకు. క్రొత్తదానిని కట్టుటయే ప్రతిభ యని భ్రమపడవలదు. ఉన్నదానిని పరీక్షించుట, దోషమును స్వయముగ నిర్ధారించుకొని తెలుపుట, వివరణములను తెలుగున వ్రాయుట నేర్వుడు. యంత్రముచే వ్రాయించిన ఫిర్యాదును చదువకయే పంపి అలసినవానిని మఱింత అలయింపకుడు. పెద్ద యుద్యోగము లిచ్చువారును ఇట్టి పనినే మెచ్చుకొందురు.

మూడవది పోషకులగు మహాశయులకు. వేతననిధికి వేఱుగా మరామత్తు నిధి యను పేర నొక చిన్న నిధిని నెలకొల్పుడు. దాని వడ్డీతో, తెలుగునకు సంబంధించిన ఉమ్మడి సాధనములను పోషించు నొక్క యువకునకో యువతికో ఏటేట వేతన మీయుడు. భవనమునకు ఱాయి వేయించినట్లు దీనికి శిలాఫలకముండదు. దీనివలన నే విపత్తును రాకుండుటయే ఫలము గాన, పత్రికలలో వార్తయు నుండదు. ఐనను, గట్టు తెగిన పిదప లక్షలు వెచ్చించుటకంటె, తెగకముందు గంపెడు మన్ను వేయుట మేలని వ్యవసాయ కుటుంబములలో పుట్టిన మీకు నేను చెప్పవలసిన పనిలేదు.

ఈ మూడవ మనవిని తీర్మానరూపమున సభవారి యెదుట పెట్టుటకు అధ్యక్షులవారి యనుమతి వేడుచున్నాను.