మొహమాటం లేని అప్పులు



మన పెద్దవాళ్ల కాలంలో అప్పు అడగడానికి ఒక పద్ధతి ఉండేది. బాబాయి ఇంటికి వెళ్లాలి. వెళ్లగానే విషయం చెప్పకూడదు. వానల గురించి, పిన్ని మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడాలి. కాఫీ తాగాలి. లేచి, గుమ్మం దాటి, చెప్పులు వేసుకుంటూ అప్పుడు అనాలి, "బాబాయ్, ఓ పదివేలు సర్దగలవా?" అని. ఆయన వెంటనే ఇవ్వడు. ఎందుకురా అంటాడు. ఎప్పుడిస్తావంటాడు. మీ బావమరిది దగ్గర తీసుకున్నది తీర్చేశావా అంటాడు. ఆ చివరి ప్రశ్నకు జడిసి చాలామంది కాఫీ తాగి, వానల గురించి మాత్రమే మాట్లాడి తిరిగొచ్చేవాళ్లు. చిత్రమేమిటంటే, ఆ పదివేలు లేకుండానే వాళ్లకు ఆ నెల గడిచిపోయేది.

ఫోను మనల్ని అంత ఇబ్బంది పెట్టదు. రాత్రి పదకొండింటికి కరెంటు బిల్లు కడదామని యాప్ తెరిస్తే, బిల్లు కనపడే లోపే మీకోసం రెండు లక్షలు సిద్ధంగా ఉన్నాయని వస్తుంది. మనం అడగలేదు. అదే అడుగుతోంది, తీసుకోమని. ఎందుకని అనదు, బావమరిది ఊసెత్తదు. మొహమాటపడదామన్నా ఎదురుగా మనిషంటూ లేడు.

ఈ తరానికి సిగ్గులేదని తిట్టడానికి నేను రాలేదు. ఆ పాత సిగ్గు చేసిన పాపాలు తక్కువేం కాదు. ఆస్పత్రి ఖర్చుకు కూడా నోరు తెరవలేక పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లున్నాయి. ఆడవాళ్లకైతే అడిగే చోటే ఉండేది కాదు. నా గొడవల్లా ఒకటే. ఆ సిగ్గు తీసుకునే చోటు నుంచి లేచి వెళ్లి, మోసపోయాక ఫిర్యాదు చేసే చోట కూర్చుంది. ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది.

2016 ఒక్క ఏడాదిలో ఎన్ని జరిగాయో చూడండి. ఏప్రిల్‌లో యూపీఐ ప్రారంభమైంది. సెప్టెంబరులో జియో వచ్చి డేటాను ఊరికే పంచింది. నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. చేతిలో నోటు లేదు, ఫోనులో డేటా ఉంది. ఇంకేం కావాలి? కూరగాయల బండి దాకా క్యూఆర్ కోడ్ వచ్చేసింది. దాని వెనకే మాట్లాడే డబ్బా వచ్చింది. పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదివినట్టు, కిరాణా కొట్లో మనం కట్టిన పదిహేను రూపాయలూ వీధంతా వినపడేలా చదువుతుందది. నోటుకు ఇలా చాటింపు అవసరం పడలేదు. కట్టినట్టు ఉత్తుత్తి తెర చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్లు బయలుదేరాక, దుకాణదారుకు ఆ డబ్బా సాక్షిగా నిలబడింది.

2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద దుకాణాల దగ్గర రుసుము వసూలు చేయకూడదన్నారు. మంచిదే. మరి కోట్లు పెట్టి యాప్ నడిపేవాడు ఏం తినాలి? అందుకే ఆ యాపులో బంగారం అమ్ముతారు, బీమా అమ్ముతారు, అప్పులు అమ్ముతారు. మీరు పాలకు, పెట్రోలుకు ఎంతెంత కడుతున్నారో అక్కడ కనపడుతూనే ఉంటుంది. ఊరికే వచ్చిన సౌకర్యానికి ఇంకో చోట బేరం కుదురుతోందన్నమాట.

ఈ అప్పుల లోకంలో మర్యాదలు కూడా తిరగబడ్డాయి. జీవితంలో పైసా అప్పు చేయని మాస్టారు క్రెడిట్ కార్డు అడిగితే బ్యాంకు తల గోక్కుంటుంది. ఆయనకు సిబిల్ స్కోరే ఉండదు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకెల్లో ఆయన ఎక్కడా లేడు. పాపం, ఎవరికీ బాకీ పడకపోవడంతో ఆయన ఎవరో ఎవరికీ తెలియకుండా పోయింది.

సరే, కాస్త లెక్క చేద్దాం. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు. ఐదు రూపాయలంటే "వాడు మనిషేనా" అనేవాళ్లం. ఇప్పుడు అడ్డదారి రుణ యాప్ ఒకటి మీకు ఐదువేలు ఇస్తానంటుంది అనుకోండి. ప్రాసెసింగ్ ఫీజు అంటూ కోసుకుని చేతికి మూడున్నర వేలిస్తుంది. ఏడు రోజుల్లో ఐదువేలు కట్టమంటుంది. మూడున్నర వేలకు వారంలో పదిహేను వందలు. మన ఊరి లెక్కలో చెబితే నెలకు నూటికి 180 రూపాయల పైమాట. తెర మీద మాత్రం వడ్డీ అన్న మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలుండదు.

ఇలాంటి అప్పుకు తాకట్టు ఏమిటి? మన పరువు. ఇది ఇంటర్నెట్ కనిపెట్టిన విద్య అనుకోకండి. సూక్ష్మరుణ సంస్థలు ఆడవాళ్లను గుంపులుగా కూర్చి అప్పులిచ్చినప్పుడు, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు వెళ్లి ఆమె గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. వ్యవహారం ఆత్మహత్యల దాకా వెళ్లాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆపింది. 2015 చివర్లో విజయవాడలో కాల్‌మనీ అనే వడ్డీ దందా బయటపడింది. ఫోన్ చేస్తే డబ్బు ఇంటికే వచ్చేది, తీర్చలేని ఆడవాళ్లను ఏ స్థితికి తెచ్చారో అప్పటి పత్రికలు చదివినవాళ్లకు గుర్తుంటుంది. 2020లో రుణ యాపుల వంతు. తీసుకున్నవాడి ఫోనులోని నంబర్లన్నీ లాగేసుకుని, మేనమామకూ ఆఫీసు మేనేజరుకూ "మీవాడు దొంగ" అని సందేశాలు పంపారు, ఫోటోలు మార్చి పంచారు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ డిసెంబరులో పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. గుమ్మం ముందు కూర్చునే పని ఈసారి ఫోన్‌బుక్ చేసింది, అంతే తేడా.

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమాలు పెట్టింది. ఇవి గుర్తుపెట్టుకోండి, పనికొస్తాయి. అప్పు డబ్బు రుణమిచ్చే సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతం పడుతుందో ముందే రాతలో చూపించాలి. తీసుకున్నాక మనసు మారితే, జరిమానా లేకుండా అసలూ ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే గడువు ఇవ్వాలి. మీ ఫోనులోని నంబర్లు, ఫోటోలు, కాల్స్ వివరాలు యాప్ ముట్టుకోకూడదు. కాబట్టి అప్పిచ్చే యాప్ "మీ కాంటాక్టులు చూడనివ్వండి" అని అడిగిందంటే, అక్కడితో ఆ సంబంధం తెంపేయండి. పెళ్లిచూపుల్లోనే కట్నం అడిగినవాడి దగ్గర ఇంకా ఆలోచనెందుకు?

పండగ అమ్మకాల్లో వచ్చే "నో కాస్ట్ ఈఎంఐ" గురించి రెండు ముక్కలు. సున్నా వడ్డీ అన్న ఊహే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీని ధరలో కలుపుతారు, లేదా రొక్కం ఇచ్చేవాడికి దక్కే తగ్గింపు మీకు ఇవ్వరు. పూర్తి డబ్బు ఒకేసారి కడితే ఎంతకిస్తారని అడగండి. అడగడానికి సిగ్గెందుకు, మీ డబ్బే కదా.

సిగ్గు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. విమానం టికెట్టు కొనేటప్పుడు బీమా వద్దంటే, "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అన్న గీత మీద మన చేతే నొక్కించేవాళ్లు. చదివినవాడికి తన పిల్లల్ని తనే గాలికి వదిలేసినట్టుండేది. ఇలా మొహమాటపెట్టి అమ్మడాన్ని 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. వినియోగదారుల్ని దారి తప్పించే 13 ఎత్తుల జాబితాలో ఇదీ ఉంది. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, ప్రభుత్వం ఇప్పుడు గెజిట్‌లోకి ఎక్కించింది.

ఇక డిజిటల్ అరెస్టు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు వస్తాడు. మీ ఆధార్‌తో పంపిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయంటాడు. కెమెరా ముందు నుంచి కదలొద్దంటాడు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటాడు. మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదు. అయినా చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు దాచుకున్నదంతా పంపేస్తున్నారు. కారణం తెలివితక్కువతనం కాదండీ, మర్యాద. జీవితమంతా ఆఫీసర్ల ఫోన్లు మధ్యలో పెట్టేయకుండా "సార్, సార్" అని మాట్లాడినవాళ్లు వాళ్లు. అందుకని పెద్దవాళ్లకు నా మనవి: ఫోన్ ఠక్కున పెట్టేయడం నేర్చుకోండి. మనవళ్లతో కూర్చుని సాధన చేయండి. వాళ్లు బెదిరిస్తారు, మీరు పెట్టేయాలి. నవ్వులాటగానే ఉంటుంది, అలవాటవుతుంది.

ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి. అప్పుడు తిరిగొస్తుంది ఆ పాత సిగ్గు. కోడలికి తెలిస్తే ఏమనుకుంటుంది, అల్లుడి ముందు తల ఎలా ఎత్తుకోను అని రెండు రోజులు మథనపడతారు. ఆ రెండు రోజులే దొంగకు కావలసింది. పోయిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు. దాన్నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి ఏటీఎంకు నిమిషాల్లో పరుగెడుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదుకున్న 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ దారిలో ఉన్న బ్యాంకులకు కబురు వెళ్లి, ఇంకా చేతులు మారని సొమ్మును ఆపే వీలుంటుంది. ఎంత పోయింది, ఏ ఖాతా నుంచి, ఎప్పుడు, లావాదేవీ నంబరు ఏమిటి అన్నవి చేతిలో పెట్టుకుని చేయండి. మీ బ్యాంకుకూ చెప్పండి. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలో ఆ ఫోన్ పెట్టేశాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.