మోటారు చక్రములపై నల్లని ధూళి



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చూచుటకు చిన్నది. అల్యూమినియముతో చేసిన కారు చక్రములపై పేరుకొను నల్లని ధూళిని వదల్చు విధమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిని. ఇది కార్లవారి గొడవ, పల్లెటూరి పెద్దలకేల యని మీరనుకొనవచ్చును. కాని నేడు మన గ్రామములలో కార్లు వింతవస్తువులు కావు. పండుగకు కొడుకులు, అల్లుళ్లు పట్టణమునుండి కార్లలో వచ్చుచున్నారు. ఆ కారును కడుగు పని ఇంటి కుఱ్ఱవానికో, పనివానికో అప్పగింపబడును. వాడు దేనితో కడుగుచున్నాడో, ఎట్లు కడుగుచున్నాడో అరుగుమీదనుండి చూచువారు మీరే. వలదని వారింపగలవారును మీరే. కావున ఈ సంగతులు మీకు చెప్పుట యుచితమని తోచినది.

మొదట ఈ ధూళి యేమో తెలిసికొందము. ఎడ్లబండి చక్రపు కుంభమువద్ద నల్లగా కనబడునది కందెన. ఆముదమును గడ్డిమసిని కలిపి వేసినది గనుక గుడ్డతో తుడిచిన పోవును. కారు చక్రముపై నలుపు అట్టిది కాదు. అది కేవలము దారిదుమ్మును కాదు. చక్రముతోపాటు తిరుగుచు లోపల పోతయినుపపళ్లెమొకటి యుండును. దానిని డిస్కు అందురు. బ్రేకు త్రొక్కగానే రెండు ప్యాడ్లు ఆ పళ్లెమును ఇరుప్రక్కల పట్టి నొక్కును. కారు వేగము ఆ రాపిడిలో వేడిగా మారును. కొడవలిని సానపట్టునప్పుడు రజను రాలుట మీరెఱుగుదురు. అట్లే బ్రేకు త్రొక్కినప్పుడెల్ల డిస్కునుండి ఇనుపరజనును, ప్యాడ్లనుండి బొగ్గు, లోహములు, జిగురు కలిసిన పొడియును రాలును. ఆగునప్పుడు కారు బరువు ముందునకు మొగ్గును గనుక ముందు బ్రేకులకు పని యెక్కువ. అందుచేతనే సాధారణముగా ముందు చక్రములు వెనుకవానికంటె నల్లబడును.

ఈ రజను మిక్కిలి సన్నమైనది, వేడిమీద నున్నది. చక్రముపై నున్న వార్నీషుమీద పడి అంటుకొనును. పిమ్మట మంచునకు, వానకు తడిసి తుప్పు పట్టును. తుప్పుపట్టిన రేణువు ఉబ్బి, వేరు పాతుకొనినట్లు పూతను పట్టుకొనును. వారమునాటి ధూళి సబ్బునీటికి వదలును. నెలల తరబడి నిలిచిన ధూళి వదలదు. అది మురికి కాదు, తుప్పు. ఈ భేదము తెలియనివారు ఇక్కడనే ఇనుపపీచునకో, ఆసిడ్డునకో చేయి చాతురు.

అల్యూమినియము స్వభావమును కొంచెము చెప్పవలెను. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూల్ట్ అనువారు, ఒకరి పని యొకరెఱుగకయే, విద్యుచ్ఛక్తితో ఈ లోహమును చౌకగా తీయు మార్గమును కనుగొనిరి. 1924లో బుగాటి కంపెనీవారు తమ పందెపుకారునకు పోత అల్యూమినియపు చక్రములు అమర్చిరి. తేలికదనమే దీని సుగుణము. గాలి తగిలినంతనే ఈ లోహము కంటికి కానరాని పొరను తనపై కప్పుకొనును. అదియే దానికి కవచము. ఆ కవచమునకు ఘాటైన ఆమ్లములును శత్రువులే, ఘాటైన క్షారములును శత్రువులే. అల్యూమినియపు గిన్నెలో పులుసు నిలువయుంచరాదనియు, బట్టలసోడా తగిలిన ఆ గిన్నె నల్లబడుననియు మన యిల్లాండ్రకు అనుభవమే కదా. ఇత్తడిచెంబునకు చింతపండు మేలు. ఈ చక్రమునకు అది తగదు. బూడిద, సున్నము, కాష్టిక్ సోడాయును తగవు. ఇసుక, ఇనుపపీచు వార్నీషును గీరివేయును. ఆ గీతగుండ తేమ జొరబడి, పూతక్రింద చెదబాటవలె తెల్లని వంకరగీతలు ప్రాకును. అటుపై పూతను తీసివేసి మఱల వేయించుట తప్ప మార్గముండదు.

చక్రము చెడినచో డబ్బు పోవును. అంతకు మించిన అపాయమొకటి కలదు. దానిని చెప్పుటకే నేను ముఖ్యముగా ఈ విషయమునెత్తుకొంటిని. పాయిఖానా కడుగు ఆసిడ్డుతో చక్రములు రుద్దువారిని నేను చూచితిని. అదియే చెడుగు. అంతకంటె చెడుగు మఱియొకటి. చక్రములకై అమ్ముడగు కొన్ని ద్రావకములలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాని, అట్టి పని చేయు అమ్మోనియం బైఫ్లోరైడ్ అను లవణము గాని యుండును. ఈ ఆమ్లము గాజునుగూడ తినివేయును. పలుచగా నున్నప్పుడు చేతిపై పడినచో వెంటనే మంట తెలియకపోవచ్చును. కొన్ని గంటలకుగాని నొప్పి పుట్టదు. అప్పటికది చర్మమును దాటి లోపలికి పోయి, శరీరములోని కాల్షియమును పట్టుకొనును. ఎక్కువగా తగిలినచో గుండె గతి తప్పి ప్రాణమే పోవచ్చును. తగిలెనని అనుమానము కలిగినచో తడిసిన బట్టలు విప్పించి, ధారాళమైన నీటితో కడిగి, నొప్పి వచ్చువఱకు వేచియుండక, ఆ సీసాను గూడ వెంటగొని ఆసుపత్రికి పోవలెను. అచ్చట వైద్యులు కాల్షియం గ్లూకోనేటు అను మందు వాడుదురు. ఏమి యున్నదో సీసాపై వ్రాయబడని ద్రావకమును మీ గడప దాటనీయకుడు.

ఈ ధూళిని ఊపిరితో పీల్చుటయు మంచిది కాదు. పూర్వపు ప్యాడ్లలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, విశేషముగా వాడిరి. దాని పొడి ఊపిరితిత్తులకు క్యాన్సరు కలిగించును. ఆస్బెస్టాసు లేని ప్యాడ్ల పొడియు పీల్చదగినది కాదు. యూరోపు సమాఖ్యవారు 2024లో చేసిన యూరో 7 నిబంధనలలో బ్రేకుధూళికిగూడ పరిమితి విధించిరి. కావున పొడిధూళిని గుడ్డతో విదలింపరాదు. గాలిగొట్టముతో ఊదరాదు. ముందుగా తడిపియే పని ప్రారంభింపవలెను.

ఇక చేయవలసిన విధము. కారును నీడను నిలిపి, చక్రము చేతికి చల్లగా తగులువఱకు ఆగవలెను. వేడి చక్రముపై ఏ ద్రావకమైనను ఇట్టే ఆరి మరకలు పెట్టును. చేతులకు రబ్బరుతొడుగులు తప్పనిసరి. ఒక్కొక్క చక్రమునే తీసికొని, మొదట పుష్కలముగా నీరు పోయవలెను. పిదప కార్లకై అమ్ము సబ్బును నీటిలో కలిపి, మెత్తని కుంచెతో ఆకుల నడుమ సందులను తోమి కడుగవలెను. చక్రములకు వాడిన గుడ్డను, బకెట్టును కారు ఒంటికి వాడరాదు. అందలి ఇనుపరజను రంగును గీరును.

ఇంతకును పోని నల్లచుక్కలకు ఇనుమును కరగించు ద్రావకములు కలవు. వానిలో ఆమ్లపు ఘాటు లేక, థయోగ్లైకొలేటు అను పదార్థముండునట్టి దానిని ఎన్నుకొనవలెను. చల్లినంతనే ఇనుమున్నచోటెల్ల నేరేడుపండు రంగు తేలును. మురిగిన గ్రుడ్డు వాసనయు వేయును. గాలి యాడుచోట నిలిచి, సీసాపై వ్రాసిన కాలము దాటనీయక, ద్రావకము ఆరిపోకముందే నీటితో కడిగివేయవలెను. మొండిధూళి యొకసారికి పోకున్న రెండవసారి చల్లవలెనే కాని బలముగా రుద్దరాదు. ఏ ద్రావకమైనను మొదట చక్రపు లోపలితట్టున కొంచెము చల్లి పరీక్షించుట మేలు.

కడిగి తుడిచినపిమ్మట చక్రములకు తగిన మైనమును పలుచగా పూసినచో ధూళి త్వరగా పట్టదు. కాని మైనము గాని, నూనె గాని, కిరసనాయిలు గాని డిస్కుపై పడరాదు. పడినచో బ్రేకు పట్టు తప్పును. మెఱపుకొఱకు చక్రమునకు నూనె పూయు అలవాటును మాన్పింపుడు. పని ముగిసినపిదప కారును మెల్లగా నడుపుచు రెండుమూడుసార్లు బ్రేకు త్రొక్కి డిస్కును ఆరనీయవలెను. కడిగిన నీరు చెఱువులోనికి, పశువులు త్రాగు తొట్టిలోనికి పోనీయరాదు.

కడుగుటకుముందు చక్రముల నొకసారి పోల్చి చూడుడు. ఎడమ కుడి చక్రములు ఇంచుమించు సమముగా నల్లబడవలెను. ఒకటి మిగుల నల్లబడి, నడిచిన వెంటనే మిక్కిలి వేడిగా నున్నచో, ఆ బ్రేకు విడువక పట్టుకొనియున్నదని యనుమానింపవలెను. అట్టి కారును మెకానిక్కునకు చూపకముందు దూరప్రయాణమునకు పంపకుడు.

పదిహేనుదినములకొకసారి సబ్బునీటితో కడుగుచుండినచో ధూళి తుప్పుగా ముదురదు, ఘాటైన ద్రావకముల యవసరమును అంతగా కలుగదు. ఈసారి పండుగకు కారు వచ్చి మీ వాకిట నిలిచినప్పుడు, కుఱ్ఱవాని చేతిలోని సీసా యేమిటో యొకమాటు అడుగుడు. వాని చేతులకు తొడుగులున్నవో లేవో చూడుడు.