విటమినుల లోపము: వయస్సును బట్టి కారణములు



బెరిబెరి యను వ్యాధి పేరు నేటి యువకులు వినియుండరు. ఒకప్పుడు ఉత్తర సర్కారులకు అది సుపరిచితము. కాళ్ళు తిమ్మిరులెక్కి, నీరు పట్టి, తుదకు గుండె బలహీనపడును. 1918లో మెకారిసన్ అను వైద్యుడు కూనూరున దీనిపై పరిశోధన ప్రారంభించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, పిదప జాతీయ పోషకాహార సంస్థ యైనది. మలబారు సీమవారును అన్నమే తినుచుండగా ఈ వ్యాధి మనకేల యెక్కువాయెను? వారిది ఉప్పుడు బియ్యము. మనది మరపట్టిన పచ్చి బియ్యము. వడ్లను ఉడికించునపుడు పై పొరలలోని బి1 విటమిను గింజలోనికి దిగును. మనమో తవుడు పశువులకు వేసి, బియ్యము పలుమాఱులు కడిగి, గంజి వార్చి, మిగిలినది తినుచుంటిమి.

ఈ లోపము పెద్దలకంటె పసిబిడ్డకు ప్రమాదకరము. తల్లి యొడలిలో లేనిది పాలలోనికి రాదు. రెండు మూడు నెలల బిడ్డ పాలు మాని, గొంతు పోయి, కొలది గంటలలోనే గుండె యాగి మరణించుట కలదు. దృష్టి తగిలినదని చెప్పుకొందురు. బాలింతకు పత్యము పేరిట పప్పు, కూరలు మాన్పించి, తెల్లని యన్నము, కారప్పొడి మాత్రమే పెట్టుట దీనికొక కారణము. ఆ పత్యము విధించునది ఇంటి పెద్దలే గదా!

పాలు మఱచిన బిడ్డకు వట్టి యన్నమే మిగిలినచో ఎ విటమిను తగ్గి రేచీకటి వచ్చును. తట్టు, విరేచనములు ఉన్న కొంచెమును హరించును.

గర్భిణి సంగతి వేఱు. శిశువు పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లము అధికముగా కావలెను. శిశువు వెన్ను రూపొందునది తొలి వారములలో, తల్లి గర్భవతి నని గుర్తింపక ముందే; కావున ముందుగానే తీసికొనవలెను. దీనిని 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుని బలిగొన్న గ్రహణి వంటి వ్యాధికే ఇది మందగుట చిత్రము.

ఇక దువ్వాడనే చూడుడు. పొలములలో ఎండను పడిన వారి సంతానము నేడు ఆర్థిక మండలి కర్మాగారములలో, ఉక్కు నగర కార్యాలయములలో కప్పు క్రింద పనిచేయుచున్నారు. రాత్రి పని చేసినవారు పగలు నిద్రింతురు. డి విటమిను ఆహారమున స్వల్పము; దానిని చర్మము ఎండలో తయారుచేసికొనవలెను. ఎండకు కొదువ లేని సీమలో ఎండ లోపము!

వృద్ధాప్యమున తిన్నదియు ఒంటబట్టదు. జఠరమున ఆమ్లము తగ్గుటచే పాలు, గ్రుడ్లు, చేపలలోని బి12 విడివడదు. మధుమేహమునకు చిరకాలము మెట్‌ఫార్మిన్ మ్రింగువారికిని ఇది తగ్గవచ్చును. అరికాళ్ళ మంటలు, మతిమఱుపు, నడక తూలుట కనిపించినచో వయోధర్మమని ఊరకుండరాదు. రక్తము తక్కువైనదని ఫోలిక్ ఆమ్లము మాత్రమే వాడినచో రక్తము బాగుపడును గాని, లోలోపల నరములు చెడుచునే యుండును. కావున బి12 పరీక్ష కూడ చేయింపుమని వైద్యుని అడుగుడు.